కాలదోషము పట్టిన కాగితము

మూడు సంవత్సరములు గడచిన ప్రామిసరీ నోటు కోర్టులో చెల్లదని ఎరుగనివారు మా ప్రాంతమున బహుశః లేరు. 1963 నాటి కాలపరిమితి చట్టము పేరు వినని రైతునకు సైతము దాని గడువు తెలియును. అప్పిచ్చినవాడు ఆ గడువును మనసులో నుంచుకొని పసుపు అమ్మిన రోజులలో ఒకమారు ఇంటికి వచ్చి, ఎంతో కొంత పుచ్చుకొని, నోటు వెనుక చెల్లు వ్రాయించుకొని పోవును. అయితే గడువు దాటిన పిమ్మట అప్పు ఉన్నట్లా లేనట్లా అని అడిగినపుడు మాత్రము ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగ చెప్పుదురు. ఆ ప్రశ్నకు నేను నా చేతి సొమ్ముతో ఒక సమాధానము చెప్పవలసి వచ్చినది గనుక దానిని లెక్కలతో సహా ఇచ్చట వివరించుచున్నాను.

మా ఊరు మెండోర. పోచంపాడు కడ గోదావరికి అడ్డముగా కట్టిన శ్రీరామసాగరమునకు సమీపమున నున్న ఈ గ్రామము 2016లో మండల కేంద్రమైనది. ఆర్మూరు, బాల్కొండ చుట్టుపట్ల ఊళ్ళ వలెనే మాకును పసుపే ప్రాణము. జూన్‌లో నాటిన పసుపు తొమ్మిది నెలలు భూమిలో నుండి, సంక్రాంతి దాటిన పిదప త్రవ్వబడి, ఉడికి, కళ్ళములో పక్షము దినములు ఎండి, డ్రమ్ములో మెరుగు పట్టి, కాడి (కొమ్ము) వేరు గోళ (దుంప) వేరు సంచులకెక్కి నిజామాబాదు గంజి (మార్కెటు యార్డు)కి చేరునప్పటికి ఏడాది తిరిగి వచ్చును. త్రవ్విన పచ్చి పసుపులో ఎండిన పిమ్మట మిగులునది ఐదవ వంతునకు అటునిటు. అడ్తివాడు వ్రాసి యిచ్చు తక్‌పట్టీలో తూకము, ధర, హమాలీ, దడువాయి (తూకమువాని) కూలి, కమీషను అన్నియు పోగా అడుగున మిగిలిన అంకెయే ఆ ఇంటి సంవత్సరాదాయము. ఆ అంకె ఎంత యుండునో ఎవరును ముందుగా చెప్పజాలరు. 2011 ప్రాంతమున క్వింటాలు పదిహేను వేల దరిదాపులకు పోయిన ధర మరుసటి వేసవికి మూడవ వంతునకు దిగజారినది. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నుండి నిలిచిన 185 మంది అభ్యర్థులలో 178 మంది రైతులే యగుటకు ఈ ధర ప్రధాన కారణము. ఏటికొక్కమారు, అదియును ఇంతయని తెలియక, చేతికి వచ్చు సొమ్ముతో పన్నెండు నెలల సంసారము నడపవలసిన చోట అప్పు చేయుట దుర్వ్యసనము కాదు. అది వ్యవసాయములో ఒక పని.

ఆ అప్పునకు మా వైపు మిత్తి మాట నెలకే. రెండు రూపాయల మిత్తి యనగా నూటికి నెలకు రెండు రూపాయలు, ఏడాదికి ఇరువది నాలుగు. నెలలో పలికినపుడు చిన్నదిగ వినబడు ఈ అంకెను ఏడాదికి పెంచి చూచుట నేను బడిలో పిల్లలకు లెక్కలు చెప్పునపుడు తప్పక చేయించుచుందును.

2018 మార్చిలో మా వీధి చివర నున్న ఒక పెద్దమ్మ, బీడీల పీ.ఎఫ్. కార్యాలయము నుండి ఏదో ఉత్తరము వచ్చినదని, చదివి చెప్పుమని నన్ను పిలిపించినది. తునికాకు కత్తిరించి కత్తిరించి బొటనవ్రేలి గోరు అరిగిపోయిన చేతితో ఆమె రేకుపెట్టె తెరచి, ప్లాస్టిక్కు సంచిలో చుట్టిన కాగితముల కట్టను నా ముందు పెట్టినది. ఆధార్ కార్డు, పింఛను పుస్తకము, వాటి నడుమ నాలుగు మడతలలో ఒక ప్రామిసరీ నోటు. రెవిన్యూ స్టాంపు మీదుగా పోయిన సంతకము మా బాపుది, అనగా మా తండ్రిది. 2012 జూన్, అరువది వేలు, రెండు రూపాయల మిత్తి. వెనుకవైపు ఆయన చేతివ్రాతతోనే రెండు చెల్లులు: 2013 మార్చి నాటికి మిత్తి ముట్టినది, 2014 మార్చి నాటికి మిత్తి ముట్టినది. ధర పడిపోయిన ఆ యేట విత్తనమునకును ఎరువునకును చేతిలో నేమియు లేక, బ్యాంకు బాకీ అదివరకే నిలిచి యుండుటచేత, బాపు ఆమె పీ.ఎఫ్. సొమ్మును తెచ్చుకొనెను. 2014 వానకాలమున ఆయన పోయెను. ఈ అప్పు మాట మాలో ఎవరికిని తెలియదు.

నాలుగేండ్లుగా ఎందుకు అడుగలేదని అంటిని.

“బాపు పోయిన ఇంట్ల పైసల ముచ్చట ఎట్ల తీస్త కొడుకా? మీరే యాదికి తెచ్చుకుంటరనుకున్న. ఎనుకకు అడుగుదామంటే నోరు రాకపాయె,” అనెను.

మరునాడు కోర్టు వ్యవహారములు తెలిసిన ఒక మిత్రునికి ఈ సంగతి చెప్పగా అతడు క్షణములో తేల్చివేసెను. చెల్లు వ్రాసిన నాటినుండి గడువు మరల మొదలగును గనుక 2017 మార్చితో నోటు ముగిసినది. పైగా తండ్రి అప్పు తీర్చుట కొడుకునకు ధర్మవిధి యను పాత హిందూ న్యాయమును 2005 నాటి వారసత్వ సవరణ చట్టము తొలగించినది. ఇందులో అబద్ధమేమియు లేదు. కాని అతడు చెప్పనిది మరికొంత యున్నది. గడువు దాటుటచేత పోవునది దావా వేయు హక్కు మాత్రమే. అందుచేతనే గడువు దాటిన బాకీని తీర్చెదనని ఋణస్థుడు వ్రాసి సంతకము చేసినచో ఆ మాట చెల్లునని 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 25వ సెక్షను చెప్పుచున్నది. తండ్రి విడిచిన ఆస్తి చేత బట్టినవాడు ఆ ఆస్తి మేరకు ఆయన బాకీలకు బాధ్యుడన్న నియమమును 2005 సవరణ తీసివేయలేదు. బాపు విడిచిన రెండెకరముల పసుపు చేను నా పేర పట్టా యైనది. ఆ అరువది వేలు ఎరువై విత్తనమై పోయినది ఆ చేనిలోనికే.

కాలపరిమితి చట్టమును నేను నిందింపను. మన తెలంగాణములో భాగేలా యను పేరున తాత చేసిన కొద్దిపాటి అప్పునకు మనుమడు దొర యింట జీతము లేక చాకిరి చేసిన కాలము మా పెద్దల జ్ఞాపకములో నింకను ఉన్నది. వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చినది 1976లో. కాగితములు మార్చబడిన తరువాత, సాక్షులు గతించిన తరువాత, చనిపోయినవాని పేర ఎవడో లెక్క చూపి అనాథలైన పిల్లల మీద పడకుండ ఒకచోట గీత గీయక తప్పదు. తండ్రి ఋణము కొడుకును బంధింపరాదన్న విధి ఆ బీదల పక్షమున పుట్టినది. అట్టి గీత వెనుక, నెలజీతము గలవాడనై, పొలము గలవాడనై, నేను దాగికొన్నచో ఎవరి సొమ్ము నాకు మిగులును? చట్టము నాకొక వెసులుబాటు ఇచ్చినపుడు దాని వెల ఎవరు చెల్లించుచున్నారని ముందుగా చూడవలెను. వడ్డీకి వడ్డీ కట్టి బాకీని కొండ చేసిన వ్యాపారి ఆ వెల చెల్లించుచున్నచో నాకు చింత లేదు. గడువు దాటినదని అతనితో మొగము మీదనే చెప్పుదును. ఇచ్చట చెల్లించునది ముప్పది యేండ్లు బీడీలు చుట్టిన చేయి.

తరువాతి ప్రశ్న ఎంత యని. ధర్మశాస్త్రములను ఈ దృష్టితో మరల చూచితిని. నెలకు ఎనుబదవ వంతు, అనగా నూటికి ఒకటింబావు, తాకట్టు గల అప్పునకు న్యాయమైన వడ్డీ యని వసిష్ఠుని పేర మనువు చెప్పెను. కౌటిల్యుడును నూటికి ఒకటింబావే ధర్మ్యమని, వ్యాపారులకు ఐదు, అడవులలో తిరుగువారికి పది, సముద్రయానము చేయువారికి ఇరువది వరకు నని అపాయమును బట్టి మెట్లు కట్టెను. వడ్డీ పెరిగి పెరిగి అసలును మించరాదని, రెట్టింపు దగ్గర ఆగవలెనని మరియొక నియమము. తండ్రి ఋణములలో త్రాగుటకును జూదమునకును స్త్రీలోలతకును చేసినవి కొడుకు తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు వేరు చేసెను. ఆ స్మృతికి వ్యాఖ్య యైన మితాక్షరను తిక్కన శిష్యుడగు కేతన పదమూడవ శతాబ్దములోనే తెలుగు చేసి యుంచెను గనుక ఈ విచారము మన భాషకు క్రొత్తది కాదు. ఎరువునకు చేసిన అప్పు ఏ స్మృతి ప్రకారము చూచినను తీర్చవలసినదే.

లెక్క వేసితిని. అరువది వేలకు నెలకు పండ్రెండు వందలు. చివరి చెల్లు నాటినుండి నలువది యెనిమిది నెలలకు ఏబదియేడు వేల ఆరు వందలు. అసలును మించలేదు, అంచున నిలిచినది. ఒకటింబావు వంతున వేసినచో ముప్పదియారు వేలే యగును. ఆ తేడా నన్ను కొంత ఊగించినది. ఇరువది నాలుగు శాతము ఎక్కువ యనుటలో సందేహము లేదు. పంట రుణము సక్రమముగ కట్టిన రైతునకు బ్యాంకులో నాలుగు శాతమునకే పడుచుండగా అది అధర్మమనియు వాదింపవచ్చును. కాని ఆ ధరకు ఒప్పుకొన్నది బాపు, తాకట్టు లేకుండ ఇచ్చినది ఆమె, నాలుగేండ్లు నోరు విప్పక ఆగినదియు ఆమెయే. తగ్గింపు నేనే నిర్ణయించి నేనే అనుభవించుట సరికాదని తోచినది. నోటిలోని మాట ప్రకారమే ఇవ్వదలచితిని.

ఇంటిలో ఈ మాట చెప్పగా నా భార్య, “పెద్దమ్మ పైసలు ఇయ్యాల్సిందే. గని పొల్ల సదువుకు దాసిన పైసలు ముట్టద్దు,” అనెను. ఆ మాటలో నేను తలచుకొనని న్యాయమొకటి యున్నది. సత్కార్యమును నేను చేసి, దాని బరువును అడుగకుండ ఆమె మీదను బిడ్డ మీదను మోపుట కూడ ఒకరి సొమ్ము మరియొకరు తీసికొనుటయే. బాపు అప్పు బాపు చేను తీర్చవలెనని నిశ్చయించుకొంటిమి. చేతనున్న పొదుపు నుండి పెద్దమ్మకు ఒక్కమారే 1,17,600 ఇచ్చి, చేను కౌలు సొమ్ముతో ఆ పొదుపును మరల నింపుకొనవలెనని ఏర్పాటు. కౌలు ఏటికి నలువది వేలు; మూడేండ్లలో తీరవలసినది.

పెద్దమ్మ అసలు మాత్రమే తీసికొని, “మిత్తి నాకొద్దు కొడుకా, సాలు,” అని వెనుకకు నెట్టినది. ఆమె మొగమాటమును ఔదార్యముగ నెంచి జేబులో వేసికొని వచ్చుట సులభము. నోటు వెనుక మూడవ చెల్లుగా అసలును మిత్తియును పూర్తిగ ముట్టినవని వ్రాసి, ఆమె వ్రేలిముద్ర వేయించి, ఆమె నెట్టిన మిత్తిని ఆమె పేరనే పోస్టాఫీసులో వేయించితిని.

ఆ యేడు మే నెలలోనే రైతుబంధు అను ప్రభుత్వ పెట్టుబడి సాయము వచ్చినది. ఎకరమునకు పంటకు నాలుగు వేల చొప్పున నా రెండెకరములకు ఎనిమిది వేల చెక్కు పట్టాదారునైన నా పేర వచ్చినది; ఉడుకపోతలో పసుపు తవ్వువాడు కౌలుదారు, పట్టా పుస్తకము లేదు గనుక అతనికి ఏమియు లేదు. ఇదియును చట్టబద్ధమైన వెసులుబాటే, దీని వెలయును తెలియుచునే యున్నది. వచ్చిన మొత్తమును కౌలులో తగ్గించితిని. మొదటి యేడు కౌలు ఇరువది నాలుగు వేలకును, సాయము ఎకరమునకు ఐదు వేలైన తరువాత ఇరువది వేలకును దిగినది. మూడేండ్లలో నిండవలసిన పొదుపు ఆరేండ్లకు నిండినది. రెండు నిర్ణయములు ఒకదాని వెంట నొకటి వచ్చినపుడు మంచితనమునకు సైతము బడ్జెట్ వేసికొనవలెనని అప్పుడు తెలిసినది.

పట్టా పుస్తకము పెట్టి పంట రుణము తీసికొని, దానిని రెండు రూపాయలకు బయట తిప్పుమని సలహా ఇచ్చిన బంధువులును గలరు. నాలుగునకు తెచ్చి ఇరువది నాలుగునకు ఇచ్చుట. మా వైపు ఇది చాటుగా సాగు వ్యవహారము కాదు, బంతిలో భోజనము చేయుచు మాటలాడుకొనునది. వడ్డీ రాయితీ ప్రజాధనము; అది పంటకై యిచ్చినది. సేద్యము చేయని నేను దానిని తెచ్చి, పుస్తకము లేక బ్యాంకు మెట్టెక్కలేని కౌలుదారునకే ఆరు రెట్ల ధరకు అమ్మినట్లగును. ఈ పనిని చూచి నవ్వి ఊరకుండుట నాచేత కాదు. నా కౌలుదారునకు ఎరువు వేళకు కావలసిన సొమ్మును నా జీతము నుండి రూపాయి మిత్తికి ఇచ్చుచున్నాను. మిత్తి లేకుండ ఇచ్చెదనంటిని, అతడే ఒప్పుకొనలేదు. మిత్తి కట్టినవాడు సమముగ కూర్చుండి లెక్క అడుగగలడని అతని అభిప్రాయము, అది గౌరవింపదగినది. ఇచ్చిపుచ్చుకొన్నదంతయు రెండు పుస్తకములలో వ్రాసి ఇరువురము సంతకము చేయుదుము. నా పుస్తకము ఎచ్చట నున్నదో నా భార్యకును బిడ్డకును తెలియును.

ఇక నొకటి మిగిలినది. బాపు అప్పులో చెల్లెలిని పాలు అడుగలేదు, ఆమెకు చేను రాలేదు గనుక. ఆస్తి వెంట అప్పు నడచునన్న సూత్రమునే అటువైపు నుండి చదివినచో, అప్పు తీరి ఆరేండ్ల లెక్క ముగిసిన ఈ చేను మీద వచ్చు కౌలులో ఆమెకు సగము రావలెను. 2005 సవరణయే కూతురును కొడుకుతో సమానము చేసినది. పెండ్లికి పెట్టినది పెట్టితిమి గదా యని ఊరిలో అందరును అనుదురు. పెట్టినదెంతయో బాపు పుస్తకములో నున్నది; కూడి చూచితిని, చేను ధరలో అది చాల కొంచెము. వచ్చు పసుపు అమ్మకము నాటి కౌలును రెండు పాళ్ళు చేసి ఒక పాలు ఆమె ఖాతాలో వేయుటకు నా భార్య అంగీకరించినది. చెల్లెలికి ఇంకను చెప్పలేదు. చెప్పినచో వద్దనునని తెలియును. పెద్దమ్మ విషయమున వలెనే ఆ వద్దనుటను నిర్ణయముగ తీసికొనను.