గుడ్‌నైట్ అంటే పొమ్మని కాదు!

మావారి ఉద్యోగరీత్యా ట్రినిడాడ్ వచ్చిన కొత్తలో ఓ సాయంత్రం పక్కింటావిడ నన్ను చూడగానే 'గుడ్‌నైట్' అంది. మాట్లాడటం ఇష్టంలేక పొమ్మంటోందనుకుని చిన్నబుచ్చుకుని లోపలికొచ్చేశాను. చీకటిపడ్డాక మనిషి ఎదురైతే ఇక్కడి పలకరింపే అదని నెల తర్వాతగానీ తెలియలేదు!

అప్పటిదాకా ఇంటిమీదే బెంగ. ఇక్కడి గడియారం మన దేశం కన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. అమ్మకు ఫోన్ చేయాలన్నా లెక్కలే.

క్రిస్మస్‌కి ఆవిడ ఎర్రటి 'సోరెల్' షర్బత్ తెచ్చింది. పుల్లగా, ఎక్కడో తెలిసిన రుచి. పెరట్లోకి తీసుకెళ్లి మొక్క చూపించింది. గోంగూర! వాళ్లింట్లో కాయల మీది ఎర్ర రేకులతో షర్బత్ చేస్తారు, ఆకు జోలికి పోరు. నేను ఒడినిండా ఆకు కోసుకొచ్చి పచ్చడి నూరి ఆవిడకూ పెట్టాను.

తింటూ చెప్పింది. 1845 నుంచి 1917 దాకా చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి ఓడల్లో వచ్చిన కూలీల్లో వాళ్ల ముత్తవ్వ ఒకరట. మద్రాసులో ఓడ ఎక్కిందని తెలుసు. ఏ ఊరి మనిషో తెలీదు.

"నీకు బెంగపెట్టుకోవడానికి ఓ ఊరైనా ఉంది" అందావిడ.

ఆ రాత్రి, అమ్మకు తెల్లవారే వేళకు ఫోన్ చేసి, మొదటిసారి ఏడవకుండా మాట్లాడాను.

ఇప్పుడు సాయంత్రాలు ముందుగా 'గుడ్‌నైట్' అనేది నేనే.