ఇసుక కింది పెన్న: గండికోట నుంచి పుష్పగిరి దాకా

పెన్న కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పురాణాలు దీన్ని పినాకిని అన్నాయి. తమిళనాడు వైపు పోయే దక్షిణ పినాకిని వేరే ఉంది కనుక దీనికి ఉత్తర పినాకిని అనే పేరు నిలిచింది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసిపోవడంతో రాయలసీమకు మిగిలే వాన తక్కువ. ఏడాదిలో ఎక్కువ నెలలు పెన్నలో కనిపించేది ఇసుకే. నీరు ఆ ఇసుక అడుగున ఊటగా ఉంటుంది. కడప జిల్లాలో దీని ఒడ్డున వెలసిన ఊళ్లు రాయి ఉన్నచోట కోటగా, మడుగు ఉన్నచోట పేటగా, ఊట అందినచోట బజారుగా పెరిగాయి.

తాడిపత్రి దాటి జిల్లాలోకి వచ్చిన పెన్నకు గండికోట ఎగువన చిత్రావతి తోడవుతుంది. ఇప్పుడు ఆ ప్రాంతమంతా గాలేరు–నగరి పథకంలో భాగమైన గండికోట జలాశయం. దీని సామర్థ్యం 26.85 టీఎంసీలు. కృష్ణా వరదనీరు కాలువల గుండా ఇక్కడికి చేరుతుంది. జలాశయం నిండే కొద్దీ కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ముంపులోకి పోయాయి.

జలాశయం దిగువన నది ఎర్రమల కొండలను చీల్చుకుని పోతుంది. పలకలు పేర్చినట్టు నిలిచిన ఎర్రరాతి గోడల నడుమ వందల అడుగుల లోతున పారుతుంది. గండి పక్కన కోట కాబట్టి గండికోట. ఇక్కడి రాతికి భూగర్భ శాస్త్రంలో ‘గండికోట క్వార్ట్‌జైట్’ అని పేరు. దీని వయసు కోట్ల ఏళ్ల మాట. తాడిపత్రి, పులివెందుల, వేంపల్లె పేర్లు కూడా ఇలాగే కడప శిలాశ్రేణుల్లోని పొరలకు స్థిరపడ్డాయి.

కోటకు ఉత్తరాన గండే అగడ్త. మిగిలిన వైపుల ఎత్తైన రాతి ప్రాకారాలు, బురుజులు ఉన్నాయి. కల్యాణి చాళుక్యుల సామంతుడు కాకరాజు మొదట ఇక్కడ కోట కట్టించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. 1650లో గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లా కోటను వశపరచుకున్నాడు. రెండేళ్లకు అతణ్ని కలవడానికి వచ్చిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే, ఈ ముట్టడి గురించీ కోటకు ఎక్కే ఇరుకుదారి గురించీ తన యాత్రాగ్రంథంలో రాశాడు. గుళ్లలోని విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోతపోసే ప్రయత్నం జరిగిందనీ అందులో ఉంది. తర్వాత కోట కడప నవాబుల చేతికి వచ్చింది. 1800లో నిజాం దత్తమండలాలను ఇంగ్లీషు కంపెనీకి అప్పగించినప్పుడు దాంతోపాటే చేతులు మారింది.

కోటలో చూడదగ్గవి మాధవరాయస్వామి గుడి గాలిగోపురం, రంగనాథస్వామి గుడి, జామా మసీదు, దాని పక్కన ధాన్యాగారం, చార్‌మినార్ అని పిలిచే పావురాల గోపురం, జైలు, రాయల చెరువు. గుడి, మసీదు, గాదె మధ్య దూరం నాలుగడుగులే కావడంతో పూట తిరక్కుండానే అన్నీ చూసి గండి అంచుకు చేరుకోవచ్చు.

గండి దాటగానే కొండలు తగ్గి మైలవరం జలాశయం వస్తుంది. దీని సామర్థ్యం 9.96 టీఎంసీలు. కోట కింద ఎండాకాలంలోనూ కనిపించే నీరు దీని వెనుకజలమే. ఇక్కడి నుంచి పెన్న బయల్లో పడి, వెడల్పాటి ఇసుక పాయగా మారుతుంది.

ఎడమగట్టున ఉన్న జమ్మలమడుగు పేరులోనే జమ్ము పెరిగే మడుగు ఉంది. నారాపుర వేంకటేశ్వరస్వామి గుడి ఈ ఊరికి ఆనవాలు. బ్రిటిష్ కాలంలో ఇది పత్తి, నీలిమందు, నేతబట్టల బేరాలకు పేరుపడిన తాలూకా కేంద్రం. లండన్ మిషన్ వారి క్యాంప్‌బెల్ ఆసుపత్రి చుట్టుపక్కల పల్లెల రోగులకు పెద్దదిక్కుగా నిలిచింది. ఊరి చుట్టూ భూమిలో సున్నపురాయి పొరలు. పలకలుగా విడివడే ఆ రాళ్లే ‘కడప బండలు’ అనే పేరుతో దేశమంతటా ఇళ్లలో పరుచుకున్నాయి. యర్రగుంట్ల వైపున సిమెంటు కర్మాగారాలు నిలిచిందీ ఈ రాతి మీదే.

ఊరికి దగ్గర్లోనే పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. ఇసుకమేటల కింద కూరుకుపోయిన జైనక్షేత్రం 20వ శతాబ్దం తొలి ఏళ్లలో తవ్వకాలతో బయటపడింది. రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుని కాలపు శాసనం, పార్శ్వనాథుని విగ్రహం ఇక్కడివి. కొన్ని శిల్పాలు చెన్నై మ్యూజియానికి చేరాయి.

జమ్మలమడుగు నుంచి దక్షిణంగా నది దాటితే ముద్దనూరు. గుంతకల్లు–రేణిగుంట రైలుమార్గంలోని ఈ స్టేషన్లో దిగి గండికోటకు వెళ్లవచ్చు. పులివెందుల నుంచి వచ్చే రోడ్డూ ఇక్కడే కలుస్తుంది. సమీపంలోని కలమళ్ల గుడి ఆవరణలో దొరికిన రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. లభించిన తెలుగు శాసనాల్లో ఇదే మొదటిదని పండితుల మాట. రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నదీ ఈ కలమళ్ల దగ్గరే.

నది వెంట తూర్పుగా సాగితే ప్రొద్దుటూరు. బంగారం, పత్తి, బట్టల వ్యాపారంతో దీన్ని రెండో బొంబాయి అంటారు. వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయంలో దసరా వైభవం చూడటానికి పొరుగు జిల్లాల నుంచీ వస్తారు. పెన్న గట్టున రామేశ్వరంలో రామలింగేశ్వరుని గుడి ఉంది. ‘శివభారతం’ కర్త గడియారం వేంకటశేషశాస్త్రి ఈ ఊళ్లోనే జీవించారు. పుట్టపర్తి నారాయణాచార్యులు ఇక్కడ పాఠాలు చెప్పారు.

ప్రొద్దుటూరు దిగువన, కమలాపురం ప్రాంతంలో ఉత్తరం నుంచి కుందూ, దక్షిణం నుంచి పాపాఘ్ని వచ్చి కలుస్తాయి. ఎండు ఏరని నమ్మడానికి లేదు: 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలిపోయింది. ఈ కలయికల తర్వాత వచ్చే పుష్పగిరిని పంచనదీ క్షేత్రంగా కొలుస్తారు. గుట్ట మీద చెన్నకేశవుని గుడి, ఏటికి ఆవల ఊళ్లో వైద్యనాథుని గుడి, అద్వైత పీఠం ఇక్కడి విశేషాలు. నది నిండితే గుట్టకూ ఊరికీ నడుమ నడకదారి తెగిపోతుంది. మిగిలిన రోజుల్లో భక్తులు ఇసుకలో నడిచే దేవుణ్ని చూసి వస్తారు.

పుష్పగిరి దాటాక పెన్న సిద్ధవటం కోటను ఒరుసుకుని, చెయ్యేరును కలుపుకుని, సోమశిల జలాశయంలో చేరి నెల్లూరు సీమ పొలాల వైపు పోతుంది.