మస్టరులో లేని రెండు నెలలు



కొల్లేటి ప్రాంతపు వారికి మంచినీళ్ల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. కైకలూరు చుట్టుప్రక్కల చాలా చోట్ల బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. కాలువ వదిలినప్పుడు ఊరి చెరువు నింపుకొని, ఆ నీటిని ఇసుక ఫిల్టరు గుండా పంపి, ట్యాంకుకు ఎక్కించి త్రాగుతాము. 2011లో మేము ఇక్కడికి పరిచర్యకు వచ్చిన క్రొత్తలో, తెల్లవారుజాము ప్రార్థనకు లేచేసరికి వీధి కొళాయిలో నీళ్లు వచ్చేవి. ఆ వాల్వు త్రిప్పిన చెయ్యి ఎవరిదో మేము ఆలోచించలేదు. మా సంఘములో వెనుక వరుసలో కూర్చునే ఒక సహోదరునిదని తరువాత తెలిసింది.

ఆయన 1987లో, తన 23వ ఏట, రోజుకూలీగా చేరారు. ఆఫీసు భాషలో ఎన్.ఎం.ఆర్. అంటారు. మస్టరు రోలులో పేరు వ్రాసి, పని చేసిన దినములు లెక్కకట్టి కూలి ఇస్తారు. మోటారు వేయడం, ఫిల్టరు బెడ్డు కడగడం, బ్లీచింగు కలపడం, రాత్రి కాపలా అన్నీ ఆయన పనులే.

1994లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒక చట్టము చేసి, ఇటువంటి నియామకాలు ఇక చేయరాదన్నది. అదే ఏడాది ఏప్రిల్ 22న జి.ఓ. 212 ఇచ్చింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్లు ఎడతెగకుండా పని చేసి, ఆ నాటికి కొనసాగుతున్న వారిని, ఖాళీలు, అర్హతలు మొదలైన నిబంధనలకు లోబడి పర్మినెంటు చేయవచ్చునన్నది. ఈయనకు అప్పటికే ఆరేళ్లు దాటాయి. ఇంట్లో అందరూ సంతోషించారు. కానీ కాగితము తిరిగి వచ్చింది. 1990 మే, జూన్ నెలలలో మస్టరులో ఆయన పేరు లేదు! జూలై నుండి లెక్కిస్తే మూడున్నరేళ్లు కూడా నిండలేదు.

1990 మే నెల అంటే ఈ ప్రాంతము వారికి జ్ఞాపకమే. కృష్ణా తీరమును పెను తుఫాను తాకిన నెల అది. ఆ రాత్రులు ఆయన పంపుహౌసులోనే ఉన్నారు. మరి పేరు ఏమైంది? "వరుసగా నీ పేరే కనబడితే పైవాళ్లు అడుగుతారు, ఈ రెండు నెలలూ మీ తమ్ముడి పేరున వ్రాస్తాం" అన్నారట. కూలి చేతికి వచ్చింది గదా అని ఆయన సరేనన్నారు.

2001లో హైదరాబాదులోని పరిపాలనా ట్రిబ్యునల్‌లో కేసు వేశారు. నర్సాపురం ఎక్స్‌ప్రెస్సులో రాత్రంతా కూర్చొని వెళ్లి, వాయిదా విని, మళ్లీ రాత్రి బండికి తిరిగి వచ్చేవారు. పోయిన దినములకు కూలి ఉండేది కాదు. "ఇతని విన్నపము పరిశీలించండి" అని ఉత్తర్వు వచ్చింది. ఆఫీసువారు పరిశీలించి, రెండు వాక్యములలో కాదన్నారు. మరల కేసు. ఇంతలో 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, పద్ధతి ప్రకారము నియామకము లేనివారు పర్మినెంటు చేయమని హక్కుగా అడుగలేరని తీర్పు చెప్పింది. మంజూరైన పోస్టులలో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు పైబడి పని చేసినవారిని ఒక్కసారికి పరిశీలించమని కూడా అదే తీర్పులో ఉన్నది. అయితే ఆ మాట ఆఫీసులలో అంతగా వినబడలేదు.

మేము ఆయనతో కూర్చొని 2013లో సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు వ్రాశాము. పాత రికార్డులు చెదలు తిన్నవని జవాబు వచ్చింది. ఆ సాయంత్రము ఆయన భార్య ట్రంకు పెట్టెలోనుండి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఒక పుస్తకము తెచ్చి మా ముందు పెట్టింది. అది పంపుహౌసు లాగ్‌బుక్కు. మోటారు వేసిన వేళ, ఆపిన వేళ, క్రింద ఆయన సంతకము. ఆ రెండు నెలలూ ఒక్క రోజు తప్పలేదు.

"ఇన్నేళ్లూ ఎందుకు చూపించలేదండీ?" అని అడిగాము.

"తుఫానులో పంపుహౌసు కారిపోతుంటే తడవకుండా ఇంటికి తెచ్చానండి, అయ్యగారూ. ఆఫీసు పుస్తకం ఇంట్లో పెట్టుకున్నానని దొంగతనం కడతారేమోనని భయం."

లాయరుగారు దానిని కోర్టుకు దాఖలు చేశారు. 2020లో ట్రిబ్యునల్ రద్దయి, కేసులు అమరావతి హైకోర్టుకు మారాయి. మేము కూడా ఆయన వెంట నేలపాడు వెళ్లి వరండాలో కూర్చున్నాము. 2023లో ఆయన పక్షమున తీర్పు వచ్చింది. ఐదేళ్లు నిండిన నాటి నుండి సర్వీసు లెక్కించమన్నారు. ఆ తేదీ చిన్న సంగతి కాదు. మన రాష్ట్రములో 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పెన్షను లేదు. అంతకు ముందు సర్వీసులో ఉన్నట్లయితేనే ఆయనకు, ఆయన తరువాత ఆమెకు, నెలనెలా పెన్షను.

2024లో 60 ఏళ్లు నిండాయని ఆయనను పనిలోనుండి పంపివేశారు. తీర్పు అమలు కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నారు. ఆ ఏడాది డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు, కేంద్ర జల సంఘములో ఏళ్ల తరబడి ఊడ్చి, తోటపని చేసినవారిని పర్మినెంటు చేయమన్నది. ఎప్పుడూ ఉండే పనిని తాత్కాలికమని పిలిచి, ఉమాదేవి తీర్పును వారికి అడ్డుపెట్టరాదన్నది. ఆ వార్త చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "అయ్యగారూ, మన గుడి ఊడ్చే ఆవిడ పేరు మన పుస్తకంలో ఉందా?" అన్నారు.

వెదికాము. లేదు. పధ్నాలుగేళ్లుగా ఆమెకిచ్చిన డబ్బు "ఇతర ఖర్చులు" అనే వరుసలో ఉన్నది. ఆ లెక్కల క్రింద ప్రతి నెలా సంతకము మాదే. కూలివాని జీతము మరునాటికి నిలిపి ఉంచకూడదని ధర్మశాస్త్రమునుండి ప్రసంగించిన నోరు కూడా మాదే.

మరుసటి కమిటీలో ఆ సంగతి మేమే ఎత్తాము. ఆమె పేరు, చేరిన తేదీ, జీతము రిజిస్టరులో వ్రాసి, సంతకము తీసుకొని, నకలు ఆమెకు ఇచ్చాము. వయసు మళ్లినప్పటి కోసం ఆమె పేరున పోస్టాఫీసు ఖాతా తెరిచాము. ఆలస్యముగా చేసిన పని గనుక గొప్పగా చెప్పుకొనుటకు ఏమీ లేదు.

ప్రియులారా, మీ ఇంట ఎవరైనా ఇటువంటి పనిలో ఉంటే, ప్రతి కాగితము, ప్రతి పాసుబుక్కు భద్రపరచుకొనమని చెప్పండి. లాయరును పెట్టుకోలేని స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయము తక్కువైన వారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా సహాయము చేస్తుంది. మీ దగ్గరే ఎవరైనా పని చేస్తుంటే, ఈ రాత్రి మీ పుస్తకము తెరచి వారి పేరు ఉన్నదేమో చూడండి.