బోధన్ అంటే చక్కెరేనా?

నందిపేట్‌లో ఎవర్నైనా బోధన్ గురించి అడగండి. 2015లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గురించే చెప్తారు. కానీ పన్నెండు వందల ఏళ్ల కింద బోధన్ ఓ చిన్న రాజ్యానికి రాజధాని!

ఏలింది చాళుక్యుల్లో ఓ చిన్న శాఖ. వీళ్ల పైన రాష్ట్రకూట చక్రవర్తులు. యుద్ధమల్లుడనే రాజు ఇక్కడ నూనె బావిలో ఏనుగులకు స్నానం చేయించేవాడట. తర్వాత రాజధాని వేములవాడకు మారింది. అందుకే చరిత్రలో వీళ్లు వేములవాడ చాళుక్యులయ్యారు.

రాజ్యం చిన్నదే, కొలువు మాత్రం పెద్దది. రెండో అరికేసరి దగ్గర పంప మహాకవి ఉండేవాడు. 941లో కన్నడంలో భారతం రాసి, తన రాజునే అర్జునుడితో పోల్చాడు. పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద శాసనం చెక్కించాడు. అందులో సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కంద పద్యాలూ ఉన్నాయి. అదీ నన్నయ కంటే దాదాపు వందేళ్ల ముందు!

కప్పం కట్టి బతికిన ఆ రాజుల ఏనుగులు పోయాయి, సింహాసనమూ పోయింది. కవుల మాటే మిగిలింది. కరీంనగర్-జగిత్యాల రూట్లో వెళ్తే గంగాధర దగ్గర ఆగి గుట్ట ఎక్కండి. ఫొటోలు ఎన్నైనా తీసుకోండి. ఆ బండ మీద మీ పేరు మాత్రం రాయకండి. అక్కడ ఆల్రెడీ మన భాష పేరుంది.