మిరపతోట, పిల్లికూతలు, అర టికెట్టు

చలికాలం పగలు పొట్టి, రాత్రి పొడుగు అని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. ఆ పాఠం రాసినవాళ్లింట్లో ఐదేండ్ల పిల్లగాడు, తొమ్మిదేండ్ల పిల్ల ఉండి ఉండరు. పగలు పొట్టిదవడం నిజమే. రాత్రి ఎక్కడ పొడుగైందో మాత్రం నాకింతవరకూ కనపడలేదు. నాలుగున్నరకు లేచి నీళ్ల బకెట్లో హీటర్ రాడ్డు పెడితే, ఎనిమిదింపావుకు స్కూల్ బస్సు సందు చివర హారన్ కొట్టేదాకా ఊపిరి ఆడదు. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి ఉంటుంది. దాన్ని ఎండలో పెడదామంటే ఎండ ఇంకా రాలేదు. పిల్లకు జడలు వేస్తుంటే వాడు ఒక కాలికి సాక్సు వేసుకుని రెండోది వెతుకుతూ మళ్లీ దుప్పట్లో దూరతాడు. మీ ఇండ్లల్లో కూడా ఇంతే కదా!

మాది జనగామ. మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, మా దిక్కు వ్యవసాయమంతా బోర్ల మీద. డిసెంబర్ చివర యాసంగి నాట్లు మొదలయ్యాయంటే మోటార్లు కాలడం మొదలు. తెల్లారకముందే రైతులు మోటారు ఆటోలో వేసుకొచ్చి షాపు ముందు కూర్చుంటారు. నారు ఎండిపోతుందన్నా అంటే ఆయన మాత్రం ఎట్లా కాదంటాడు? రాత్రి పదకొండింటికి రాగి తీగ వాసనతో ఇంటికొస్తాడు. అప్పటికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. రెండు నెలలు ఇల్లంతా నా ఒక్కదాని మీదే. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, చలికి ఇంకా పట్టేస్తాయి.

సరిగ్గా ఇదే టైములో మా అమ్మవాళ్లకు మిరప కోత వస్తుంది. మహబూబాబాద్ జిల్లాలో కురవి దగ్గర పల్లె మాది. రెండెకరాల మిరపతోట. బాపుకు డెబ్బై దాటాయి, అమ్మకు రేపో మాపో డెబ్బై. రెండేండ్ల కింద నల్లతామర పురుగు వచ్చి పూత మొత్తం రాలిపోతే, మొగులు దిక్కు చూసుకుంటూ కూర్చున్నారు తప్ప మమ్మల్ని రూపాయి అడగలేదు. ఆ అప్పు కొంత ఇంకా తీరలేదు. మేమిద్దరం ఆడపిల్లలమే. అక్క భూపాలపల్లిలో ఉంటుంది, బావ సింగరేణిలో పనిచేస్తాడు. సంక్రాంతి ముందు మొదటి ఏరుడుకు మేమిద్దరం పోయి నాలుగు రోజులు చేతులాడించడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఎర్రగా పండిన కాయ చెట్టు మీద ఆగదు. కూలీలకు అందరి తోటలూ ఒక్కసారే పిలుపు.

ఈ ఏడు మూడూర్ల మధ్య తిరుగుడు కొంచెం తేలికైంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్టు కొట్టిస్తాడు. మొదటిసారి ఎక్కినప్పుడు ఒక తమాషా జరిగింది. నాకు సున్నా, మా పాపకు సున్నా. ఐదు నిండాయి కాబట్టి మా బాబుకు అర టికెట్టు. "అమ్మా, నాకొక్కడికే పైసలెందుకు?" అని వాడు గట్టిగా అడిగితే బస్సంతా నవ్వింది. వెనక నిలబడ్డ ఒక పెద్దాయన, "మొగోనివైనవు గద బిడ్డా, కట్టాలె" అన్నాడు. బస్సుల్లో నిలబడే చోటు కూడా దొరకట్లేదని మగవాళ్లు గొణుగుతున్నారు. గొణగనీ. పుట్టింటికి పోవడానికి ఇంట్లో చేయి చాపి చార్జీలు అడగకుండా బస్సెక్కడం ఎట్లా ఉంటుందో అడిగినవాళ్లకే తెలుసు. మా ఆయన ఎప్పుడూ లేదనలేదు, నిజమే. అయినా అడగడం అడగడమే.

బస్సు సంగతి అట్లుంటే, డిసెంబర్ నడిమిట్ల బాబుకు జలుబు చేసింది. మూడోనాడు రాత్రి వాడి రొమ్ములోంచి పిల్లికూతలు. నిరుడు కూడా వచ్చాయి గానీ ఇంత గట్టిగా కాదు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. వాడు పడుకోలేక నా భుజం మీద కూర్చునే నిద్రపోయాడు. అత్తమ్మ తమలపాకు కాచి రొమ్ముకు వేసింది, మిరియాల కషాయం పట్టింది. తెల్లారి పిల్లల డాక్టర్ దగ్గరికి పోతే నెబ్యులైజర్ పెట్టి, ఇన్‌హేలర్ రాశారు. రెండు రకాలు. ఒకటి రోజూ పీల్చేది, ఒకటి ఆయాసం వచ్చినప్పుడు వాడేది. చిన్నపిల్లలు నేరుగా పీల్చలేరు కాబట్టి మధ్యలో స్పేసర్ అని ఒక ప్లాస్టిక్ గొట్టం, దానికి ముక్కూ నోరూ కప్పే మాస్కు.

ఇంట్లో దాన్ని చూడగానే అత్తమ్మ ముఖం మాడిపోయింది. "గది ఒక్కసారి మొదలువెడితే జీవితమంత ఇడువదంట. మొగపిలగాడు, రేపు నౌకరి, పెండ్లి..." అని మొదలుపెట్టింది. మా పక్కింటామె కూడా వంత పాడింది. ఆ మాట మీలో చాలామంది వినే ఉంటారు. అందుకే డాక్టర్ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. సిరప్పు తాగిస్తే మందు కడుపులోకి పోయి ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. ఇన్‌హేలర్‌తో నేరుగా అక్కడికే పోతుంది. అందుకని మందు చాలా కొద్దిగా సరిపోతుంది. అలవాటు పడటం అంటూ ఏమీ ఉండదు. రోజూ పీల్చేది అయిపోయాక నోరు పుక్కిలించాలి. తగ్గింది కదా అని మనంతట మనం ఆపేయకూడదు. ఇంట్లో పొగ, ఘాటు వద్దు. దోమల చుట్ట వద్దు, సాంబ్రాణి వద్దు.

సాంబ్రాణి వద్దంటే అత్తమ్మకు ఇంకో దెబ్బ. పిల్లలు పుట్టినప్పటినుంచి శుక్రవారం శుక్రవారం తనే వేసేది. మాకు పెళ్లయిన ఎనిమిదేండ్లకు గానీ పిల్ల పుట్టలేదు, ఆ తర్వాత నాలుగేండ్లకు వీడు. వాళ్ల మీద ఆమె భయం నాకు అర్థమవుతుంది. వాదన పెట్టుకోలేదు. అక్కకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అక్క కొడుక్కు చిన్నప్పుడు ఇదే బాధ, ఇప్పుడు వరంగల్‌లో డిగ్రీ చదువుతూ క్రికెట్ ఆడుతున్నాడు. "అత్తమ్మా, మావోడు ఏడేండ్లు పీల్చిండు. ఇప్పుడు దాని మొకం గూడ చూస్తలేడు" అంది. అత్తమ్మ ఏమీ అనలేదు. రాత్రి నేను స్పేసర్ కడుగుతుంటే వచ్చి, "ఎన్నిసార్లు పీల్వాలె?" అని అడిగింది. మా పాప అందుకుంది. అప్పటినుంచి లెక్కపెట్టే డ్యూటీ పాపదే. వాడు మాస్కు పెట్టుకుంటే టీచరమ్మలాగా వేలు చూపిస్తూ ఒకటి, రెండు, మూడు అంటుంది. ఐదు దాకా పీల్చి వాడు పుక్కిలించడానికి పరుగెత్తుతాడు.

జనవరి మొదటివారం అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, ఈసారి నువ్వు రాకు. పిలగానికి మిరపకాయ ఘాటు పడది. ఏరేటోళ్లు దొరుకుతరు తియ్యి" అంది. నలభై ఏండ్లు దాటిన నా బతుకులో అమ్మ నన్ను రావద్దనడం అదే మొదలు. వెనక నుంచి బాపు దగ్గు వినిపిస్తోంది. కూలీలు దొరకట్లేదని రెండు రోజుల ముందే అక్కకు చెప్పిందట. నాకు మాత్రం దొరుకుతరు అంది. పిల్లగాడి రొమ్ము ఒక దిక్కు, చెట్ల మీద పండిన కాయ ఒక దిక్కు. ఫోన్ పెట్టేశాక అన్నం కూడా సయించలేదు.

తోవ అక్కే చూపించింది. "నువ్వు తోటకు పో, నేను జనగామకు వస్త. పిల్లల్ని నేను చూసుకుంట." భూపాలపల్లికి రైలు లేదు. పరకాల, హనుమకొండ మీదుగా బస్సులు మారుకుంటూ సగం దినం ప్రయాణం చేసి వచ్చింది. బావకు మొదటి షిఫ్టు, పొద్దున ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి. వారం రోజులకు సరిపడా పచ్చళ్లూ పొడులూ పెట్టి వచ్చిందట, అన్నం ఆయనే వండుకుంటాడు. చార్జీలు పెట్టుకోవాల్సి వస్తే ఈ ఆలోచన మాకు తట్టేది కాదేమో.

పుట్టినప్పటినుంచి వాణ్ని ఒక్క రాత్రి కూడా విడిచి ఉండలేదు. మూడు రాత్రులకు ఒప్పుకున్నాను. పాలకుర్తి, తొర్రూరు మీదుగా బస్సు. పాలకుర్తి సోమనాథుడి ఊరు, దానికి దగ్గర్లోనే పోతన బమ్మెర. బీఏలో తెలుగు చదివిన పాపానికి ఆ దారిన పోయినప్పుడల్లా ఏదో ఒకటి గుర్తొస్తుంది. పోతన పొలం దున్నుకుంటూ భాగవతం రాశాడని చెప్పుకుంటారు. ఆ ఇంట్లో పొద్దున్నే అంబలి ఎవరు కాచేవారో మమ్మల్ని ఏ పరీక్షలోనూ అడగలేదు.

తోటలో మంచు విడిచేదాకా ఆకులు తడిగా ఉంటాయి. నడుము వంచి సాలు వెంబడి పోతూ ఎర్రకాయ తొడిమతో సహా తెంపాలి, పచ్చికాయ తగలకూడదు. ముక్కుకు కొంగు కట్టుకున్నా పదింటికల్లా తుమ్ములే తుమ్ములు. కళ్లంలో పట్టాల మీద పోసి ఎండబెట్టడం, పొద్దుమూకితే కప్పడం, ఎండిన దాంట్లోంచి తెల్లబారిన తాలుకాయ వేరు చేయడం. తాలు కలిస్తే ఎనుమాముల మార్కెట్‌లో ధర కోస్తారు. మూడు రోజుల్లో అమ్మ నాతో మాట్లాడింది పది మాటలు కూడా ఉండవు. కానీ నేను వంగిన సాలు పక్క సాలులోనే ఉండేది.

రాత్రిపూట ఫోన్‌లో మాట్లాడటం కాదు, "ఫోన్ వాని రొమ్ము దగ్గర పెట్టక్కా" అనేదాన్ని. పిల్లికూతలు వినపడతాయేమోనని చెవి పెట్టి వినేదాన్ని. వినపడింది టీవీ చప్పుడు. రెండో రోజు మాత్రం కొంచెం ఆయాసం వచ్చిందట. అక్క, అత్తమ్మ ఇద్దరూ కలిసి ఇన్‌హేలర్ పట్టారు. మాస్కు పట్టుకున్నది అత్తమ్మట.

తిరిగొచ్చాక అసలు కష్టం తెలిసింది. తోటలో కట్టిన చీరలు అక్కడే ఉతికి వచ్చాను. ఇంటికి రాగానే వెనక నల్లా దగ్గరే తలస్నానం చేసి చీర మార్చుకుని లోపలికొచ్చాను. కానీ చేతుల మంట పోలేదు. మిరపకాయ ఏరినవాళ్లకు తెలుసు, సబ్బుకూ మజ్జిగకూ కొబ్బరినూనెకూ దేనికీ లొంగదది. వాడు పరుగెత్తుకొచ్చి మీద పడితే రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను. ముఖం తాకితే కళ్లు మండుతాయి. మోచేతులతోనే దగ్గరికి లాక్కున్నాను. ఆ రాత్రి, తెల్లారి కూడా వాడికి అన్నం కలిపి పెట్టింది అక్క, ముఖం కడిగింది అక్క. వాడికది పెద్ద ఆట. "అమ్మ చేతులు కారం, అమ్మ చేతులు కారం" అని ఇల్లంతా తిరిగాడు. నేను నవ్వుతూనే ఉన్నాను గానీ వంటింట్లోకి పోయి కాసేపు ఊరికే నిలబడ్డాను.

సంక్రాంతి గురించి ఎక్కువ రాయను. 12 నుంచి 17 దాకా సెలవులు, పిల్లలు పతంగుల దారాలతో ఇల్లంతా అల్లేశారు. మా సందులో ఆడవాళ్లం ఒకరింటి తర్వాత ఒకరింట్లో సకినాలు చుట్టుకుంటాం. ఈసారి మా వంతు వచ్చినప్పుడు పొయ్యి డాబా మీద పెట్టాం, నూనె పొగ పిల్లగాడికి తగలకుండా. పిండి చుట్టడానికి తొమ్మిది మంది వచ్చారు. మా పాప రెండు చుట్లు తిప్పి మూడోది తెంపి, అయినా గుడ్డ మీద పెట్టింది. నోముకు పదమూడు స్టీలు గిన్నెలు తెచ్చాను. అందులో ఒకటి మాయమై స్పేసర్ కడిగే గిన్నెగా తేలింది.

ఇక మొక్కు. వాడికి ఊపిరి కుదురుగా ఉంటే ఎత్తు బంగారం ఇస్తానని నిరుడే సమ్మక్కకు మొక్కుకుంది అత్తమ్మ. మేడారంలో బెల్లాన్నే బంగారం అంటారు కదా. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు. ఆ జనంలో, ఆ దుమ్ములో వాణ్ని తీసుకుపోవడం నా వల్ల కాదన్నాను. అత్తమ్మ కాసేపు ఆలోచించి, "ముందుగాలనే పోయొద్దాం తియ్యి, తల్లికి తెల్వదా?" అంది. ఫిబ్రవరి మొదటి ఆదివారం ముందురోజు అందరం భూపాలపల్లి చేరి, అక్కవాళ్ల వాడ వాళ్లతో కలిసి జీపు మాట్లాడుకున్నాం. మా ఆయన కూడా షాపు మూసి వచ్చాడు, రెండు నెలల్లో మొదటిసారి.

జంపన్నవాగు దగ్గర నాకు గుండె దడ. ముంచి తీయాలంటుందేమో అని అత్తమ్మ దిక్కు చూస్తున్నాను. ఆమె కొంగు తడిపి వాడి నెత్తి తుడిచి, పాదాలు నీళ్లలో పెట్టించి, వెంటనే సాక్సులు తొడిగించింది. "గింత చాలు" అంది. తూకం దగ్గర వాడు పళ్లెంలో కదలకుండా కూర్చున్నాడు. పదహారున్నర కిలోలు. నిరుడు డాక్టర్ దగ్గర పద్నాలుగే. పాప తననూ తూచమని పేచీ పెట్టింది. ఆమె మొక్కు లేదు గానీ బావ పక్కకు తీసుకుపోయి తూయించి, ఇరవై ఆరు అని గట్టిగా చెప్పి వచ్చాడు.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. రెండో ఏరుడుకు కాయ పండిందట, ఈసారి ఎవరూ రావద్దు అని మళ్లీ అదే మాట. అక్క ఎల్లుండి పొద్దున బస్సెక్కుతోంది. ప్రసాదం బెల్లం ఒక ముక్క దాని సంచిలోనే ఉంది, బాపుకు ఇయ్యడానికి.