బోర్డు మూలన పేర్లు

మేమిద్దరం భార్యాభర్తలం, ఇద్దరం టీచర్లమే. ఒకరిది దేవరకొండ వైపు తండా, ఇంకొకరిది అచ్చంపేట వైపు తండా. మధ్యలో డిండి వాగు. పాత లెక్కలో ఒకరిది నల్లగొండ జిల్లా, ఒకరిది మహబూబ్‌నగర్ జిల్లా. ఇంట్లో మాట్లాడుకునేది గోర్ బోలి. బడిలో చెప్పేది తెలుగు, ఇప్పుడు ఇంగ్లీషు కూడా. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నామంటే, కింద రాయబోయే తప్పు చేసింది బయటివాళ్ళు కాదు. మేమే.

మా క్లాసులో నల్లబోర్డుకు కుడివైపు మూలన ఒక గీత ఉండేది. గీతకు అవతల ‘లంబాడీ మాట్లాడినవారు’ అని రాసి, కింద క్లాసు లీడర్ పేర్లు రాసేవాడు. సాయంత్రం బెల్లు కొట్టే ముందు ఆ పేర్లవాళ్ళు గుంజీలు తియ్యాలి. మేము చదువుకునేటప్పుడు మా సార్లు ఇట్లనే చేశారు. తెలుగు రావాలంటే లంబాడీ మానాలని అప్పుడే మా బుర్రల్లోకి ఎక్కింది. మాకు అట్లనే వచ్చింది కదా, వీళ్ళకూ వస్తుందనుకున్నాం.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల పనికి పోతే దాది దగ్గర ఉండి చదువుకునేది. మొదటి నెలంతా బోర్డు మూలన రోజూ ఆమె పేరే. తర్వాత పేరు రావడం ఆగిపోయింది. మేము సంతోషపడ్డాం, పిల్ల దారికొచ్చిందని. నిజానికి ఆ పిల్ల నోరు తెరవడమే మానేసింది. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది. నీళ్ళకు పోవాలంటే వేలు చూపేది. సంవత్సరం చివర కార్డులో ‘మందకొడి’ అని రాశాం. ఆ అక్షరాలు మా చేతివే, ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నాయి.

ఆ వచ్చే ఏడు తీజ్ రోజుల్లో ఆ తండాకు పోయాం. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టీ ఎరువూ పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచే పండుగ అది. మంచె చుట్టూ పది పన్నెండు మంది పిల్లలు తిరుగుతున్నారు. పాట ఎత్తుకుంటున్నది ఎవరా అని చూస్తే మా మందకొడి పిల్ల. ఒక్క మాట తప్పకుండా పాడుతోంది, తనకంటే పెద్దపిల్లలు వెనక అందుకుంటున్నారు. మమ్మల్ని చూసింది. గభాలున నోరు మూసుకుంది. ఇంకో పిల్ల ఎత్తుకోబోయి మధ్యలో ఆగిపోయింది. మేము మర్యాదగా ఇంకో ఇంటివైపు నడిచాం. మేము గోడ మలుపు తిరిగాక పాట మళ్ళీ మొదలైంది.

ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సయించలేదు.

గూగీ వా థియాంగో మాకు కొత్తవాడు కాదు. వరవరరావు జైలులో ఉండి తెలుగు చేసిన ‘మట్టికాళ్ళ మహారాక్షసి’ మన తెలంగాణలో చాలామంది చదివారు. గూగీ కూడా ఆ నవలను కెన్యా జైలులోనే, తన తల్లిభాష గికుయూలో, టాయిలెట్ కాగితం మీద రాశాడు. అయితే ఆయన 1986లో తెచ్చిన ‘డీకాలనైజింగ్ ది మైండ్’ మాత్రం తీజ్ తర్వాతనే మా చేతికి వచ్చింది. అందులో తన చిన్నప్పటి బడి గురించి చెబుతాడు. 1952లో కెన్యాలో ఎమర్జెన్సీ పెట్టాక బడులన్నీ ఇంగ్లీషులోకి మారాయి. బడి ఆవరణలో గికుయూ మాట్లాడి దొరికిన పిల్లకు బెత్తం దెబ్బలు పడేవి, లేదా తాను తెలివితక్కువదాన్నని, గాడిదనని రాసిన రేకు మెడలో వేసేవారు. పట్టుకునే పద్ధతి ఇంకా ఘోరం. పొద్దున ఒక పిల్లవాడి చేతికి గుండీ ఇస్తారు. తల్లిభాషలో మాట్లాడినవాడికి అతను దాన్ని అంటగట్టాలి, వాడు ఇంకొకడికి. సాయంత్రానికి గుండీ ఎవరి దగ్గర ఉంటే వాడి నుంచి మొదలుపెట్టి అందరినీ పట్టుకుంటారు. పిల్లలే పిల్లల మీద నిఘా. ఇది చదివి పుస్తకం పక్కన పెట్టేశాం. మా క్లాసు లీడర్ చేతిలో సుద్దముక్క అదే పని చేసింది. తేడా ఏమిటంటే అక్కడ రేకు కట్టించింది తెల్లదొరల పాలన. ఇక్కడ గీత గీసింది తండాలో పుట్టిన మేము.

మరుసటి రోజు బోర్డు తుడిచాం. తుడవడం తేలికే. తర్వాత ఏం చెయ్యాలో మాత్రం మాకు తెలియలేదు. ట్రైనింగులో చెప్పినవాటిలో మా నాయక్, కార్బారీలు, మా నసాబు, మా సాకి ఎక్కడా లేవు. అందుకే కొన్నాళ్ళు ఆఫ్రికా మాస్టర్ల వెంట పడ్డాం. వాళ్ళు ఈ గుంత దాటి పోయినవాళ్ళు, ఎట్లా దాటారో చూద్దామని.

టాంజానియా నాయకుడు జూలియస్ నైరేరేను జనం మ్వాలిము అని పిలిచేవారు. మ్వాలిము అంటే స్వాహిలీలో పంతులు. అరబ్బీ ముఅల్లిం నుంచి వచ్చిన మాట. మన హైదరాబాద్ ఉర్దూ బడుల్లో కూడా అదే మాట ఉంది. ఆయన 1967లో స్వావలంబన చదువు గురించి ఒక పత్రం రాశాడు. బడి పిల్లను తన ఊరి నుంచి కోసి పారెయ్యకూడదు, బడికి పొలం ఉండాలి, చదివినవాడు చదవనివాడిని చిన్నచూపు చూడకూడదు అన్నది దాని సారం. ప్రాథమిక చదువు స్వాహిలీలో పెట్టారు. హైస్కూలుకు వచ్చేసరికి మాత్రం ఇంగ్లీషే మిగిలింది. అక్కడా ఆ ముడి పూర్తిగా విడలేదు.

ఇక ఉబుంటు. చాలామందికి ఇది కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ పేరుగానే తెలుసు. దక్షిణాఫ్రికా జులూ, ఖోసా జనాల మాట. మనిషి తోటి మనుషుల వల్లనే మనిషి అవుతాడని దాని భావం. 1993లో రాసుకున్న తాత్కాలిక రాజ్యాంగం చివర ఈ మాటను పెట్టుకున్నారు. పగ తీర్చుకోవడం వద్దు, ఉబుంటు కావాలి అని. మాకు మొదట ఇది వేదిక మీద చెప్పే మంచిమాటలాగే అనిపించింది. కాని మా దాదీలు పొద్దున దండం పెట్టుకునేటప్పుడు అనే మాటలు గుర్తుకొచ్చాయి. సేవాలాల్‌కు మొక్కేటప్పుడు తన పిల్లల గురించి అడిగే ముందు చీమకూ పురుగుకూ, గొడ్డుకూ గోదకూ, అందరికీ చల్లగా చూడమని అడుగుతారు. చిన్నప్పటి నుంచి విన్నదే, కాని అది పాఠంలో పెట్టదగిన విషయమని జోహన్నెస్‌బర్గ్ చుట్టి వస్తే గాని మాకు తట్టలేదు. సిగ్గుపడాల్సిందే. సిగ్గుపడ్డాం కూడా.

పాఠాలు మొదట జొన్నరొట్టెతో మొదలయ్యాయి. మా ఇళ్ళల్లో దాన్ని బాటి అంటాం. పిల్లలు ఎగతాళి చేస్తారని గిన్నె మూత పెట్టుకుని తినేవాళ్ళం ఒకప్పుడు. ఇప్పుడు ప్రపంచ పటం కింద వేసి అడిగాం, ఈ బాటి ఎక్కడి నుంచి వచ్చింది? పొలం నుంచి అన్నారు. పొలానికి ఎక్కడి నుంచి? జొన్నను మొదట సాగు చేసింది ఈశాన్య ఆఫ్రికాలో, ఇప్పటి సూడాన్ వైపు. సజ్జలు పశ్చిమ ఆఫ్రికా ఎడారి అంచు నుంచి. తైదలు ఇథియోపియా, ఉగాండా మిట్టల నుంచి. మన పాలమూరు, నల్లగొండ ఎర్రచెలకల్లో తాతల కాలం నుంచి వేస్తున్న ఆముదాలు తూర్పు ఆఫ్రికా మొక్క. పచ్చడిలోకి వేసే చింతపండు కూడా ఆ ఖండం చెట్టుదే. వేల ఏండ్ల కింద ఆ గింజలు ఇక్కడికి వచ్చాయి. వాన తక్కువ, రాయి ఎక్కువ ఉన్న ఈ నేలలో అవే బతికించాయి. పిల్లలు పటం మీద సుద్దతో గీతలు గీశారు. ఒకడు లేచి, "సార్, మరి వాళ్ళు మా చుట్టాలా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక అవునన్నాం. అబద్ధం కాదనే అనుకుంటున్నాం.

చుట్టరికం గింజలతోనే ఆగలేదు. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడి దగ్గర ఆఫ్రికా సైనికుల దళం ఉండేది. తర్వాత అది నిజాం కొలువులోకి పోయింది. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే పేటను బస్సులో దాటిపోయేవాళ్ళకు ఏసీ అంటే చల్లటి మిషన్ గుర్తుకొస్తుంది. అది ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్. ఆ సిద్ధీల మనుమలు అక్కడ ఉన్నారు. పాలమూరు చరిత్రలో ఆ మనుషులు కూడా ఉన్నారని మా పిల్లలకు చెప్పినప్పుడు, నలుపు మీద జోకులు వేసే ఇద్దరు పిల్లలు ఆ రోజు గమ్మున ఉన్నారు.

లెక్కల క్లాసుకు ఒక దాదిని పిలిచాం. ఆమెకు రాతకోతలు రావు. మేకలు ఎన్ని అంటే, రెండు ఇరవైలకు అయిదు తక్కువ అంది గోర్ బోలిలో. పిల్లలు నవ్వారు. నైజీరియాలో యోరుబా వాళ్ళు ముప్పై అయిదును సరిగ్గా అట్లనే, నలభైకి అయిదు తక్కువ అని చెబుతారు. అంకెలన్నీ ఇరవైల మీదనే కడతారు. ఆ సంగతి చెప్పాక నవ్వు ఆగింది. అయిదు తగ్గించడం అంటే తీసివేత, రెండు ఇరవైలు అంటే గుణకారం. రెండు నెలలుగా రాని లెక్క ఆ రోజు మేకల మందతో వచ్చింది. దాది పోతూ పోతూ అంది:

"బేటా, నాకు లెక్కలు రావంటరు కదా అందరు."

పిల్లల తగాదాలకు మా నసాబు పద్ధతి పెట్టాం. పెన్ను పోతే ఇంతకుముందు అనుమానం ఉన్నవాడికి దెబ్బలు. ఇప్పుడు చెట్టు కింద అందరూ గుండ్రంగా కూర్చుంటారు, టీచర్ కూడా కిందనే. పోగొట్టుకున్నవాడు చెబుతాడు, తర్వాత తీసినవాడు. అందరూ మాట్లాడాకనే ఏం చెయ్యాలో తేలుస్తారు. టైం తింటుంది, నిజమే. ఒకసారి పెన్ను గొడవ రెండు పీరియడ్లు నడిచింది, సిలబస్ వెనకబడింది, పైవాళ్ళు అడిగారు. కాని దొంగ అన్న పేరు ఆ పిల్లవాడికి అంటుకోలేదు. దెబ్బలు తిన్న రోజుల్లో అంటుకునేది.

ఇదంతా రాస్తుంటే మా తండాల్లో అంతా బంగారమే అన్నట్టు ఉంటుంది. కాదు. పెద్దల నసాబులో ఆడవాళ్ళు వెనకాల నిలబడి వినాల్సిందే, ముందు కూర్చునేది మగవాళ్ళు. దేవరకొండ, చందంపేట తండాల్లో ఆడశిశువుల అమ్మకాల వార్తలు 1999లో, ఆ తర్వాత కూడా దేశమంతా చదివింది. పేదరికం అన్నారు, కట్నం అన్నారు, రెండూ నిజమే. మనుషుల వల్ల మనిషి అన్నప్పుడు ఆ మనుషుల లెక్కలో నాలుగో ఆడపిల్ల ఉందా? ఆఫ్రికాలో కూడా ఆడవాళ్ళు ఉబుంటు పేరు చెప్పి తమను నోరు మూసుకోమంటున్నారని పేచీ పెట్టారు. అందుకే మా చెట్టు కింద సభలో మొదటి మాట ఆడపిల్లదని నియమం పెట్టుకున్నాం. మా ముసలివాళ్ళు కొందరికి నచ్చలేదు. నచ్చకపోతే పోనీ.

అసలు చిక్కు వేరే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో పిల్లల పుస్తకాలు వేసి బహుభాషా చదువు మొదలుపెట్టినప్పుడు అందులో మా బంజారా భాష కూడా ఉంది, తెలుగు లిపిలో. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు పేజీలతో పుస్తకం వస్తోంది. మూడో భాషకు పేజీ లేదు. ఆ మధ్య ఒక తండ్రి వచ్చాడు, భుజం మీద తువ్వాల, చేతికి సిమెంటు.

"సార్, లంబాడీ మా ఇంట్ల ఉన్నది. దాన్ని నేర్పనీకి బడి ఎందుకు? నాకు ఇంగ్లీషు రాకనే గీ పనికి పోతున్న. నా కొడుక్కు ఇంగ్లీషు చెప్పుండ్రి."

ఆయనకు గూగీ గురించి చెప్పబోయి ఆగాం. లంబాడీలో మొదలుపెడితే ఇంగ్లీషు తొందరగా వస్తుందని, అర్థమైన భాషలో చదివిన పిల్ల రెండో భాష గట్టిగా పడుతుందని చెప్పాం. తలూపాడు. జూన్‌లో కొడుకును దేవరకొండ ప్రైవేటు బడి బస్సెక్కించాడు. పిల్లలు తగ్గితే మా బడికి తాళం పడుతుందన్న భయం ఉండనే ఉంది. ఆయన తప్పు అనలేం. మా సొంత కొడుకు ఏ బడిలో చదువుతున్నాడని ఆయన అడగలేదు, అడిగి ఉంటే మేము తల దించుకోవాల్సి వచ్చేది.

మందకొడి అని రాసిన పిల్ల ఇప్పుడు అయిదో తరగతి. పాత కార్డు తెప్పించి ఆ మాట కొట్టేసి సంతకం పెట్టాం. కొట్టేసినా కింద మాట కనిపిస్తూనే ఉంది. మొన్న జొన్నల పాఠం చిన్న తరగతికి ఆమెతోనే చెప్పించాం. గోర్ బోలిలో మొదలుపెట్టి, తెలుగులోకి వచ్చి, సూడాన్ దగ్గర ఆగింది. పటం మీద వేలు పెట్టి మావైపు చూసింది. ఇంగ్లీషులో ఏమంటారని గొంతు తగ్గించి అడిగింది. సార్గమ్ అని చెప్పాం. "సార్గమ్" అని ఆమె అంది, చిన్నపిల్లలు అందుకున్నారు.