శుభం కార్డు

మొన్న ఫిలింనగర్ వెళ్ళాను. షూటింగు చూడటానికి కాదండోయ్, నా నవలని సినిమా తీస్తామంటే! జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు దాటి ఆటో ఎత్తు ఎక్కలేక మూలుగుతుంటే, నేను మాత్రం గాలిలో తేలిపోతున్నాను. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణా స్టూడియోస్ తెరిచిన నాటికి ఈ చుట్టుపక్కలంతా బండరాళ్ళేనట. ఆనందం వెతుక్కుంటూ ఆ రాళ్ళ మీదికి ఎందరొచ్చారో! వాళ్ళలో నేనూ ఒకర్తిని.

నిర్మాతగారు కాఫీ ఇప్పించి, మర్యాదగానే చెప్పారు.

"కథ బాగుందమ్మా. ఆఖర్న ఆ అమ్మాయి మొగుడి దగ్గరికి తిరిగి వెళ్ళిపోతే చాలు. శుభం కార్డు పడ్డట్టుండాలి. ఆడవాళ్ళు సంతోషంగా ఇంటికెళ్ళాలి కదా!"

నా నవలలో ఆ అమ్మాయి వెళ్ళదు. టీచరుద్యోగం చేసుకుంటూ అద్దె గదిలోనే ఉండిపోతుంది. రెండు రోజుల్లో చెబుతానని లేచాను.

బయట వరండాలో ఒకావిడ పెళ్ళికూతురి జాకెట్టు లోపలి కుట్టు విప్పి మళ్ళీ వేస్తోంది. కృష్ణానగర్‌లో ఉంటుందిట.

"లోపలిది కెమెరాకి కనిపించదుగా?" అన్నాను.

"కనిపించదమ్మా. కానీ వంకరగా వచ్చింది" అని, తలెత్తకుండానే దారం కొరికింది.

ఎప్పుడో బి.ఏ.లో చదివిన అరిస్టాటిల్ తిరుగు ఆటోలో గుర్తొచ్చాడు. మనం ఏం కోరినా చివరికి ఆనందం కోసమే కోరతాం, ఆనందాన్ని మాత్రం ఇంక దేనికోసమూ కోరం, అందుకని అదే పరమార్థం అంటాడాయన. ఇంతవరకూ మా నిర్మాతగారూ ఒప్పుకుంటారు. పేచీ అంతా ఆ తరవాతే. ఆయన లెక్కలో ఆనందమంటే మనసుకి హాయిగా ఉండటం కాదు. మనలోని మంచిని ఆచరణలో పెడుతూ బతుకంతా బతకటం. కీర్తి సంగతంటారా, అది ఇచ్చేవాళ్ళ చేతిలో ఉంటుంది గానీ పుచ్చుకునేవాళ్ళ చేతిలో ఉండదుట. ఫిలింనగర్‌కి ఈ ముక్క వేరే ఎవరైనా చెప్పాలా?

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మావారు శ్రద్ధగా విని, "డబ్బు వద్దన్నాడా మీ అరిస్టాటిల్?" అన్నారు.

అనలేదు మరి! కాస్త సంపద, స్నేహితులు, అదృష్టం లేకుండా ఆనందం కష్టమేనని కూడా రాశాడు. అమ్మాయి కాలేజీ ఫీజు గుర్తొచ్చి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఫోన్ చేసి, వద్దండీ అన్నాను. పెట్టేశాక ఆనందం పొంగుకొస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. పప్పు మాడిన వాసన మాత్రం వచ్చింది.

ఫీజు కోసం నా గాజులు బ్యాంకులో పెట్టాం. కానీ ఆ సాయంత్రం మళ్ళీ కాగితాల ముందు కూర్చున్నప్పుడు, అద్దె గదిలో ఉన్న ఆ పిల్లకి మొహం చాటెయ్యాల్సిన పని లేకపోయింది.